విడాకులొస్తే సగం ఆస్తి వస్తుందా?

(విజయవాడలో మహిళా ఉద్యోగుల సమావేశంలో ఫ్యామిలీ కోర్టు న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చివర్లో సభికుల ప్రశ్నలు రెండు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. భోజనాల ముందు మైకు ఇచ్చారు కాబట్టి ఉపోద్ఘాతం పెట్టుకోను.

కేసు పట్టుకుని నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు మొదట అడిగేది, "మేడం, సగం ఆస్తి వస్తుంది కదా?" అని. మగవాళ్లయితే, "మేడం, సగం ఆస్తి పోతుందా?" అంటారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్తాను. అలాంటి చట్టం మనకి లేదు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. అందులో విడాకులున్నాయి, భరణం ఉంది, పిల్లల సంరక్షణ ఉంది. మొగుడూ పెళ్లాం కాపురంలో కూడబెట్టినదాన్ని రెండుగా పంచాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. సినిమాల్లోనూ సీరియళ్లలోనూ జడ్జిగారు "సగం ఆస్తి భార్యకి" అంటుంటారు. కోర్టులో అలా అనరు.

మరి కోర్టు ఏం చూస్తుంది? దస్తావేజు మీద ఎవరి పేరుందో చూస్తుంది. ఎవరి పేరుంటే వాళ్లది. పెళ్లయినంత మాత్రాన ఆయనది ఆవిడది అయిపోదు, ఆవిడది ఆయనది అయిపోదు. ఇది వినడానికి సమానంగానే ఉంటుంది. మన ఇళ్లలో దస్తావేజులు ఎవరి పేర రాయిస్తారో తెలిసినవాళ్లకి ఆ సమానం ఎంతో అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. ఎవరి కేసూ కాదు, కానీ మీలో చాలామంది ఇంట్లో ఇదే నడుస్తుంటుంది. ఇద్దరూ ఉద్యోగులు. నిడమానూరు వైపు ఫ్లాట్ కొన్నారు. లోను ఆయన జీతం మీద, దస్తావేజు ఆయన పేరన. ఈఎంఐ ఆయన ఖాతా నుంచి పోతుంది. ఆవిడ జీతం ఎటు పోతుంది? పిల్లల ఫీజులు, కిరాణా, పాలు, కరెంటు బిల్లు, అత్తగారి మందులు, పనమ్మాయి. పదిహేనేళ్ల తర్వాత కాపురం చెడింది. ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ తీస్తే నెలనెలా ఈఎంఐ కట్టిన లెక్క వరసగా కనిపిస్తుంది. ఆవిడ స్టేట్‌మెంట్ తీస్తే కనిపించేవి ఏటీఎంలో తీసిన డబ్బులు, సూపర్‌మార్కెట్ బిల్లులు. ఆవిడ జీతం ఇంటిని నడపకపోతే ఆయన జీతం ఈఎంఐకి మిగిలేదే కాదు. అది మనకి తెలుసు, జడ్జిగారికీ తెలుసు. కానీ ఫ్లాట్ విషయంలో సాక్ష్యం అడిగేసరికి ఆయన చేతిలో కాగితం ఉంది, ఆవిడ చేతిలో లేదు.

అదే ఫ్లాట్ ఇద్దరి పేరా ఉంటే కథ మారిపోతుంది. వాటాలు రాయకపోతే చెరిసగం అన్న వాదనతో మొదలవుతుంది. కాదనేవాడే, డబ్బంతా నాదేనని రుజువు చేసుకోవాలి. ఆ తేలడం కూడా విడాకుల పిటిషన్లో దానంతట అది తేలదు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984, ఏడో సెక్షన్ కింద, భార్యాభర్తల ఆస్తి తగాదా ఫ్యామిలీ కోర్టులోనే వేసుకోవచ్చు. కానీ అది వేరే దావా. దాని విలువను బట్టి కోర్టు ఫీజు కట్టాలి, సాక్షుల్ని పెట్టుకోవాలి.

"భార్య పేర కొంటే ఆవిడదే కదా, నేను డబ్బు పెట్టినా?" అని మగవాళ్లు అడుగుతారు. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేర ఆస్తి కొనడాన్ని ఆపే బినామీ చట్టంలో భార్య పేర, పిల్లల పేర కొనడానికి మినహాయింపు ఉంది, డబ్బు లెక్కకి దొరికే ఆదాయంలోంచి వస్తే చాలు. అంటే, డబ్బు నాది, పేరు మాత్రమే ఆవిడది అని భర్త దావా వేసే దారి పూర్తిగా మూసుకుపోలేదు. రుజువు బరువు మాత్రం ఆయన నెత్తినే ఉంటుంది. కాబట్టి పేరు తనదే అని ఆవిడా నిశ్చింతగా కూర్చోకూడదు.

మావగారి పొలం సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే మన జిల్లాల్లో అసలు ఆశంతా దాని మీదే ఉంటుంది. మావగారి పేరనున్న ఐదెకరాల్లో కోడలికి వాటా లేదు. విడాకుల కేసులోనూ లేదు, మామూలుగానూ లేదు. భర్తకి పిత్రార్జితంలో వాటా ఉంటే అది ఆయన స్థోమతు కింద లెక్కలోకి వస్తుంది, భరణం నిర్ణయించడానికి పనికొస్తుంది, అంతవరకే. పాత ధర్మశాస్త్రంలో తండ్రీకొడుకులు పంచుకునేటప్పుడు భార్యకీ ఒక వాటా తీసేవారు. మన దక్షిణాదిలో ఆ ఆచారం ఎప్పుడో పోయింది. కూతురి హక్కు మాత్రం మన రాష్ట్రంలో ముందే వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఎన్టీఆర్ ప్రభుత్వం పెళ్లికాని ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. దేశమంతటా ఆడపిల్లలందరికీ 2005లో ఇచ్చారు. ఆ పుట్టింటి వాటా పూర్తిగా మీది. విడాకుల్లో దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యలేరు.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. విడాకుల డిక్రీ రాకముందు, కేసు నడుస్తుండగానే భర్త పోతే, ఆయన వీలునామా రాయకపోతే, భార్య మొదటి తరగతి వారసురాలు, అంటే ఆస్తిలో ముందుగా వాటా వచ్చేవాళ్లలో ఒకరు. పదేళ్లుగా వేరుగా ఉన్నా సరే. డిక్రీ అయ్యాక ఒక్క రోజు తేడాలో పోయినా ఆవిడకి ఏమీ లేదు.

ఇక బంగారం. నా అనుభవంలో పొలాల కన్నా, ఫ్లాట్ల కన్నా, ఎక్కువ కన్నీళ్లు బంగారం దగ్గరే.

హిందూ వివాహ చట్టంలో 27వ సెక్షన్ అని ఉంది. పెళ్లప్పుడో, పెళ్లికి అటూ ఇటూగానో వచ్చిన కానుకలు, భార్యాభర్తలిద్దరికీ చెందినవైతే, వాటి గురించి విడాకుల డిక్రీలోనే కోర్టు తేల్చవచ్చు. పెళ్లితో ముడిపడిన కానుక అయితే ఆ రోజే చేతికి రానక్కర్లేదని సుప్రీంకోర్టు 1997లో చెప్పింది. గమనించండి, చట్టం పంచే ఆస్తి అంటే ఇదొక్కటే. మంచం, బీరువా, ఫ్రిజ్, కానుకల చిట్టా. పదిహేనేళ్ల సంపాదన ఇందులోకి రాదు.

స్త్రీధనం దీనికి వేరు. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు, అత్తింటివాళ్లు పెట్టినవి, మేనమామ పెట్టినవి, మీ సొంత జీతంతో కొనుక్కున్నవి అన్నీ మీవి. 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది, స్త్రీధనం భర్త చేతిలో పెడితే అది నమ్మి అప్పగించినట్టే, తిరిగివ్వనంటే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతుందని. 2024 ఏప్రిల్లో మళ్లీ చెప్పింది. కష్టకాలంలో భర్త ఆ బంగారం వాడుకోవచ్చు గానీ తిరిగివ్వాలి, అది ఉమ్మడి ఆస్తి కాదు, దాని మీద ఆయనకి హక్కు లేదని. ఆ కేసు కేరళది. బంగారానికి బదులుగా 25 లక్షలు ఇప్పించారు.

అదే సంవత్సరం ఆగస్టులో తెలంగాణ నుంచి వెళ్లిన కేసు ఒకటుంది, అది తండ్రులకి చెప్పాలి. అమ్మాయికి అమెరికాలో విడాకులయ్యాయి, ఇద్దరూ లెక్కలు తేల్చుకున్నారు, ఆవిడ మళ్లీ పెళ్లి కూడా చేసుకుంది. ఆ తర్వాత తండ్రి, పెళ్లప్పుడు పెట్టిన నగలు ఇవ్వలేదని పాత వియ్యంకుల మీద కేసు పెట్టాడు. సుప్రీంకోర్టు కొట్టేసింది. స్త్రీధనం అమ్మాయిది, ఆవిడ చెప్పకుండా, ఆవిడ తరఫున అధికారం లేకుండా, తండ్రి అడగడానికి వీల్లేదంది. "నేను పెట్టిన బంగారం" అనే మాట మన తండ్రుల నోట ఎంత తేలిగ్గా వస్తుందో మీకు తెలుసు. పెట్టిన రోజే అది మీది కాకుండా పోయిందండీ.

చట్టం ఇంత గట్టిగా ఉన్నా నగలు ఎందుకు తిరిగి రావు? రుజువు లేక. ఎన్ని కాసులో పిటిషన్లో రాస్తాం. అటువైపు కౌంటర్లో, అన్నీ ఒంటి మీద వేసుకునే పుట్టింటికి వెళ్లిపోయింది అని రాస్తారు. ఇది ఎంత మామూలైపోయిందంటే ఆ పేరా నాకు చూడకుండా వచ్చు. (నవ్వులు) అప్పుడు మేం వెతికేవి నగల కొట్టు బిల్లులు, పెళ్లి ఆల్బమ్, లాకరు ఎవరు ఎప్పుడు తెరిచారో బ్యాంకు రిజిస్టరు. ఆల్బమ్‌లో హారం కనిపిస్తుంది, బరువు కనిపించదు. గ్రాములు చెప్పేది బిల్లు. కట్న నిషేధ చట్టం కింద కానుకల జాబితా రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలని 1985 నుంచీ నిబంధన ఉంది. నేను చూసిన పెళ్లిళ్లలో వంటకాల జాబితా రాస్తారు గానీ ఇది రాయరు. అడిగితే, శుభమా అని పెళ్లి చేస్తుంటే ఏంటీ మాటలు అంటారు.

ఇల్లు. ఉండే హక్కు వేరు, సొంతమవడం వేరు. గృహహింస చట్టం 2005 కింద కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఉంది. అది అత్తమామల పేరున్నా సరేనని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అంతకుముందు తను 2006లో ఇచ్చిన తీర్పునే పక్కన పెట్టి. కానీ ఆ ఆర్డరు వల్ల ఇల్లు మీది కాదు. గెంటేయకుండా ఆపుతుంది, లేదంటే అదే స్థాయి ఇంటికి అద్దె ఇప్పిస్తుంది. ఆ ఆర్డరు చూపించి మునిసిపాలిటీలో పేరు మార్పించుకుంటాం అని వచ్చినవాళ్లున్నారు. కుదరదు.

అయితే కోర్టు మొగుడి ఆస్తిని అసలు ముట్టుకోదా అంటే, ముట్టుకుంటుంది. దారి వేరు. అదే శాశ్వత భరణం, హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్. మన వ్యవస్థలో ఆస్తి పంపకం లాంటిది జరిగేది ఇక్కడే, దొడ్డిదారిన. ఒకేసారి మొత్తంగా ఇప్పించవచ్చు, నెలనెలా ఇప్పించవచ్చు, ఆ బాకీని ఆయన స్థిరాస్తి మీద భారంగా వేయవచ్చు. ఆ భారం ఈసీలో, అంటే ఆస్తి మీద ఉన్న లావాదేవీలు చూపించే రిజిస్ట్రేషన్ ఆఫీసు సర్టిఫికెట్‌లో, కనిపించేలా చేయించుకోండి. అప్పుడు ఆ స్థలం కొనడానికి వచ్చినవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇంకో మాట, ఈ సెక్షన్ కింద భర్త కూడా భార్యని భరణం అడగవచ్చు. తక్కువగానే అడుగుతారు గానీ అడుగుతారు.

ఎంత ఇస్తారు? జీతంలో నాలుగో వంతు అని ఊళ్లో ప్రచారం. 2017లో ఒక తీర్పులో, భర్త చేతికొచ్చే జీతంలో 25 శాతం సబబుగా ఉంటుందని సుప్రీంకోర్టు అంది. అది ఆ కేసులో అన్న మాట, ఎక్కాల పుస్తకం కాదు. 2024 డిసెంబరు 10న ఒక కేసులో 5 కోట్లు ఒకేసారి ఇప్పించింది. ఇద్దరి స్థాయి, చదువు, ఆదాయం, ఆస్తులు, కాపురంలో ఆవిడ అలవాటుపడ్డ జీవనం, ఇంటి కోసం, పిల్లల కోసం ఉద్యోగం వదులుకుందా, ఆయన మీద ఉన్న బాధ్యతలు, ఇవన్నీ చూడాలంది. సరిగ్గా తొమ్మిది రోజుల తర్వాత, డిసెంబరు 19న, ఇంకో కేసులో 12 కోట్లు ఇప్పిస్తూనే గట్టిగా ఒక మాట అంది. మొదటి భార్యకి వందల కోట్లు ఇచ్చాడు కాబట్టి నాకూ అంతే ఇప్పించండి అంటే కుదరదు, భరణం ఉన్నది ఇబ్బంది పడకుండా బతకడానికి, ఇద్దరి ఆస్తులు సమానం చేయడానికి కాదు అని. ఈ రెండో మాటే మన చట్టం అసలు స్వరూపం. నాకు నచ్చదు. ఆవిడ కాపురంలో భాగస్వామి అనుకుంటే వాటా ఇవ్వాలి. మన చట్టం ఆవిడకి వాటా ఇవ్వదు, పోషణ ఇస్తుంది.

భరణం కేసులో అసలు యుద్ధం ఎక్కడ జరుగుతుందో చెప్తాను. అఫిడవిట్లో. 2020 నవంబరు 4న రజనేశ్ వర్సెస్ నేహ కేసులో సుప్రీంకోర్టు ఒక నమూనా ఇచ్చింది. అప్పటినుంచీ ఇద్దరూ తమ ఆస్తులు, ఆదాయం, అప్పులు ప్రమాణం చేసి రాయాలి. ఉద్యోగులకి ఒక నమూనా, వ్యవసాయం చేసేవాళ్లకి ఇంకోటి. ఆ రెండోది చదివితే సంతోషం వేసింది నాకు. భూమి ఎంత, మాగాణా మెట్టా, ఏ పంట వేస్తారు, కౌలుకిచ్చారా, ఆఖరికి గేదెలు, ఆవులు, మేకలు, కోళ్లు, చేపలు, తేనెటీగలు దాకా అడిగారు. అంతకుముందు వ్యవసాయం అనగానే వర్షాల్లేవు, అప్పులే మిగిలాయి అని రెండు వాక్యాలు రాసి తప్పించుకునేవారు. ఇప్పుడు కృష్ణా జిల్లా చేపల చెరువు ఆసామి కూడా ఆ గళ్లు నింపాలి. అబద్ధం రాస్తే దాని పర్యవసానాలు వేరే. మీ పని ఏమిటంటే, అటువైపు అఫిడవిట్ రాకముందే మీకు తెలిసినవన్నీ రాసిపెట్టుకోవడం. పాస్‌బుక్కులు, పాలసీ నంబర్లు, డీమ్యాట్ ఖాతా, చిట్టీలు. ఇంట్లో ఉన్నప్పుడు కనపడే కాగితం ఇల్లు వదిలాక కనపడదు.

వసూలు గురించి ఒక్క ముక్క. భరణం డిక్రీకి జీతం జప్తు చేయాలంటే, మూడో వంతు మాత్రమే ఆయనకి మినహాయింపు. మిగతా రెండు వంతుల దాకా పట్టుకోవచ్చు. పీఎఫ్ ఖాతాలో ఉన్న డబ్బు మాత్రం జప్తుకి దొరకదు. కేసు వేస్తారని తెలిసి ఆస్తి తమ్ముడికి దానం రాసేసినవాళ్లనీ వదలక్కర్లేదు. ఆస్తి బదిలీ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, పోషణ హక్కు ఉన్న మనిషి ఉందని తెలిసి కొన్నా, ఉత్త పుణ్యానికి పుచ్చుకున్నా, ఆ ఆస్తి మీద భరణం అడగవచ్చు.

ఇప్పుడు ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే కేసులు. చాలా కేసులు చివరికి అక్కడికే చేరతాయి, పెద్దమనుషుల దగ్గరో, మీడియేషన్ లోనో. అక్కడ ఆస్తిని మీ ఇష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు, చట్టం అడ్డుపడదు. కానీ కాగితం దగ్గర దెబ్బతింటారు. "ఫ్లాట్ భార్యకి ఇచ్చేస్తాను" అని ఒప్పందంలో రాసుకుని, డిక్రీ తెచ్చుకుని, ఇంటికెళ్లిపోతారు. రెండేళ్ల తర్వాత అమ్మబోతే ఈసీలో ఆయన పేరే ఉంటుంది. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, అదీ డిక్రీ రాకముందే. భార్యగా ఉండగా రాయించుకుంటే కుటుంబసభ్యుల మధ్య గిఫ్ట్ సెటిల్‌మెంట్ కింద స్టాంపు డ్యూటీ తక్కువ. డిక్రీ అయిన మర్నాడు మీరు ఆయనకి బయటి మనిషి. ఆ ఫ్లాట్ మీద ఇద్దరి సంతకాలతో లోను ఉంటే ఇంకో చిక్కు. మీ డిక్రీతో బ్యాంకుకి సంబంధం లేదు. ఆయన కట్టడం మానేస్తే మీ సిబిల్ స్కోరు పోతుంది, నోటీసు మీకూ వస్తుంది. లోను ఎవరు తీరుస్తారు, రెండోవారి పేరు ఎప్పుడు తీయిస్తారు, ఇది తేలకుండా సంతకం పెట్టొద్దు.

ముస్లిం సోదరీమణులకి మెహర్, అంటే పెళ్లిలో భర్త ఇస్తానని ఒప్పుకున్న సొమ్ము, పూర్తిగా వాళ్లది. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం కింద పెళ్లప్పుడు వచ్చిన ఆస్తులు తిరిగి అడగవచ్చు. మామూలు మనోవర్తి కేసు కూడా వేసుకోవచ్చని 2024 జులై 10న తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. క్రైస్తవులకి 1869 నాటి విడాకుల చట్టంలో భరణం ఉంది. వాటా మాత్రం ఏ మతంలోనూ లేదు. గోవాలో అయితే ఉంది. పోర్చుగీసువాళ్ల సివిల్ కోడ్ ప్రకారం, వేరే ఒప్పందం రాసుకోకపోతే, భార్యాభర్తల ఆస్తి ఉమ్మడి.

మన పిల్లలు అమెరికాలో ఉన్నారు కదా. అక్కడ ఏ రాష్ట్రమన్నది ముఖ్యం. కాలిఫోర్నియాలో కాపురంలో సంపాదించింది చెరిసగం. టెక్సాస్‌లోనూ అది ఉమ్మడి ఆస్తే గానీ, జడ్జి తనకి న్యాయమనిపించినట్టు పంచుతాడు, సగమే కావాలని లేదు. న్యూజెర్సీలో లెక్క వేరు. కానీ అక్కడి జడ్జి గుడివాడ పొలం మీద హక్కు తేల్చలేడు. ఇక్కడి స్థిరాస్తి ఇక్కడి కోర్టుదే. అక్కడి విడాకులే ఇక్కడ చెల్లకపోవచ్చు కూడా. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసులో, భర్త మిస్సోరి రాష్ట్రంలో తెచ్చుకున్న విడాకులు చెల్లవని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణం మీదే విడాకులు రావాలి, లేదా ఇద్దరూ ఆ కోర్టుకి ఇష్టపూర్వకంగా లోబడాలి అని.

చట్టం మార్చే ప్రయత్నం జరగలేదా? జరిగింది. భర్త ఆస్తిలో భార్యకి వాటా వచ్చేలా ఒక సవరణ బిల్లు 2013 ఆగస్టులో రాజ్యసభ దాటింది. లోక్‌సభలో ముందుకు కదల్లేదు. 2014లో సభ రద్దవడంతో అదీ పోయింది. మళ్లీ ఎవరూ ఎత్తలేదు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఒక తీర్పిచ్చింది. భర్త సౌదీలో సంపాదించి పంపితే, భార్య ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ చూసుకుంది. ఆవిడ చాకిరీ లేకపోతే ఆ ఆస్తి ఉండేది కాదు, కాబట్టి సగం వాటా ఉంది అన్నారు. అది విడాకుల కేసు కాదు, ఆస్తి దావా. మన హైకోర్టులు దాన్ని పాటించి తీరాలనీ లేదు. అయినా నేను నా వాదనల్లో దాన్ని పెడుతూనే ఉన్నాను. చట్టం వచ్చేదాకా అలాగే పెడతాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక సభికురాలు: మా అమ్మాయికి పసుపు కుంకుమల కింద ఎకరం ఇస్తామన్నాం. అల్లుడి పేర రాయమంటున్నారు.)

రాయకండమ్మా. ఇస్తే అమ్మాయి పేరనే, రిజిస్టర్డ్ గిఫ్ట్ డీడ్. నోటిమాటగా అంటే అది మీ పేరనే ఉండిపోతుంది, రేపు మీ అబ్బాయిలు అడ్డం తిరగొచ్చు. అల్లుడి పేర రాస్తే, కట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం ఆయన దాన్ని మూడు నెలల్లో అమ్మాయికి మార్చాలి. మారుస్తాడా? మార్చకపోతే అతని మీద కేసు వేయగలరా, కాపురం సాగుతుండగా? "అల్లుడి మీద నమ్మకం లేదా" అంటారు. లాయరు గారు వద్దన్నారని చెప్పండి, ఆ మాట నేను పడతాను.

(ఇంకొకరు: ఫ్లాట్ అడ్వాన్సుకి నా బంగారం కుదవపెట్టాం మేడం. ఫ్లాట్ ఆయన పేరనుంది.)

గోల్డ్ లోను ఎవరి పేర తీశారు? మీ పేరనా. మంచిది. ఆ లోను డబ్బు మీ ఖాతాలో పడి బిల్డరుకి వెళ్లిందా, ఆయన ఖాతా మీదుగా వెళ్లిందా? ఆయన ఖాతా అయినా ఫర్వాలేదు, తేదీలు దగ్గరగా ఉంటే కోర్టులో చూపించవచ్చు. బ్యాంకుకెళ్లి లోను స్టేట్‌మెంట్ అడగండి, తాకట్టు రసీదులో ఏ వస్తువు ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది, దాని కాపీ కూడా తీసుకోండి. బిల్డరు ఇచ్చిన అడ్వాన్సు రసీదు పక్కన పెట్టి, మూడూ కలిపి ఫొటో తీసి మీ మెయిల్‌కి పంపుకోండి. ఈ వారమే చెయ్యండి. మీకు గొడవలేమీ లేవు కదా? లేకపోతే ఇంకా తేలిక, ఎందుకని ఎవరూ అడగరు. తర్వాత ఎవరమ్మా?